గింజలా, నీళ్లా, మొక్కలా? ఇంటికి పిట్టలు రావాలంటే ముందు ఏది పెట్టాలి

శివరాత్రి దాటి ఎండ ముదరగానే బెజవాడలోనూ గుంటూరులోనూ మనవాళ్లు అడిగే మాట ఒకటే, పిట్టల కోసం ఏం కొనమంటారు అని. ఆన్‌లైన్‌లో వెతికితే గొట్టం ఫీడర్లు, పళ్లెం ఫీడర్లు, కిటికీ అద్దానికి అంటించేవి, సీసా తిరగేసి నీళ్లు పోసేవి, చెక్క గూళ్లు బోలెడు కనిపిస్తాయి, అన్నిటికీ నాలుగు స్టార్లకు పైనే. వాటి జోలికి వెళ్లేముందు ఒక సంగతి తేల్చుకోండి: మీ ఇంటికి ఏ పిట్ట రావాలి, అసలు మీ వీధిలో ఇప్పుడు ఏ పిట్టలు తిరుగుతున్నాయి. పిచ్చుకకు పెట్టేది తేనెపిట్టకు అక్కర్లేదు, బుల్‌బుల్‌కు కావాల్సింది పిచ్చుక ముట్టుకోదు, డాబా మీద పళ్లెం నిండా గింజలు పోస్తే ఎవరి పేరు చెప్పి పోసినా వచ్చేది పావురాలే.

నా వరస ముందే చెప్పేస్తాను. మొదట నీళ్లు, తర్వాత మొక్కలు, ఆఖర్న గింజలు, ఆ గింజలైనా మీ చుట్టుపక్కల పిచ్చుకలు ఇంకా మిగిలి ఉంటేనే. చాలామంది దీన్ని సరిగ్గా తిరగేసి చేస్తారు. ముందు గింజల ప్యాకెట్ కొంటారు, నెల తిరిగేసరికి బాల్కనీ అంతా రెట్టలు, కింది ఫ్లాట్ వాళ్లతో గొడవ, ఆ ఫీడర్ కాస్తా అటకెక్కుతుంది.

గింజలు: పళ్లెమా, గొట్టమా, వరి కుచ్చా

పళ్లెం చవక, కడగడం తేలిక, ఏ పిట్టయినా వాలొచ్చు. దాని ఇబ్బంది కూడా ఆ చివరి మాటలోనే ఉంది. పావురం, కాకి, గోరింక వాలాక పిచ్చుక దగ్గరికి రాదు, పట్టణాల్లో పావురాలకు ఒకసారి జాడ తెలిసిందంటే మీరు మానేసినా రోజులతరబడి పిట్టగోడ మీద కూర్చుని ఎదురుచూస్తాయి. ఏసీ డబ్బా వెనక సందులో నాలుగు పుల్లలు వేసి గుడ్లు కూడా పెట్టేస్తాయి. పావురాల రెట్ట ఎండి పొడై గాల్లో కలిస్తే కొందరికి ఊపిరితిత్తుల్లో అలర్జీ జబ్బు వస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లూ పెద్దవాళ్లూ ఉన్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. 2025లో ముంబైలో పావురాలకు గింజలు చల్లే కబూతర్‌ఖానాలను మూయించింది ఈ ఆరోగ్యం గొడవ మీదే. కాబట్టి అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లు డాబా మీద గింజలు చల్లే పని దయచేసి పెట్టుకోకండి, పుణ్యం సంగతి ఎలా ఉన్నా లిఫ్ట్‌లో ఎదురుపడిన ప్రతివాళ్లకూ సమాధానం చెప్పుకోవాలి.

గొట్టం ఫీడర్‌లో చిన్న చిన్న రంధ్రాలు, వాటి కింద పొట్టి పుల్లలు ఉంటాయి, పావురం నిలబడలేదు, పిచ్చుక నిలబడుతుంది. ఆలోచన బాగానే ఉంది. కానీ పిచ్చుకలు దానికి అలవాటు పడటానికి చాలా రోజులు పడుతుంది, ఈలోగా గొట్టంలోంచి రాలిన గింజల కోసం కింద పావురాలు చేరతాయి, ఉడత ప్లాస్టిక్‌ను కొరుకుతుంది, మన ఎండకు ఆ ప్లాస్టిక్ పెళుసెక్కి పగులుతుంది. కొనాలనే ఉంటే కింద రాలినవి పట్టుకునే చిన్న పళ్లెం ఉన్నది, అడుగు భాగం ఊడదీసి కడగడానికి వీలున్నది చూసి కొనండి. అది లేని రకాల్లో అడుగున గింజలు ముక్కిపోయి గడ్డకడతాయి.

నన్నడిగితే ఈ రెండిటికన్నా మన వరి కుచ్చే మేలు. కోతలయ్యాక వరి కంకుల్ని కుచ్చుగా అల్లి గుడి మండపాల్లోనూ ఇంటి చూరుకూ వేలాడదీయడం కృష్ణా, గుంటూరు, గోదావరి ఊళ్లలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి, సంక్రాంతి ముందు పట్నంలోనూ అమ్మకానికి కనిపిస్తాయి. గాలికి ఊగుతూ వేలాడే కంకిని పట్టుకుని తలకిందులుగానైనా తినగలిగేది పిచ్చుక, మునియా లాంటి తేలిక పిట్టలే, పావురం ఒళ్లు దానికి ఒప్పదు. గింజను పొట్టు ఒలుచుకుని తింటాయి కాబట్టి కింద చెత్త పడుతుంది, ఊడ్చుకోవాలి, అంతే. ఊళ్లో పొలం ఉన్నవాళ్లయితే కోతలప్పుడు రెండు పనలు పక్కన పెట్టించుకోండి, ఎలుకలకు అందకుండా దాచుకుంటే నెలకొక కుచ్చు కట్టుకోవచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: విత్తనాలుగా అమ్మగా మిగిలిపోయిన, మందు పట్టించిన వడ్లు గానీ జొన్నలు గానీ పొరపాటున కూడా పిట్టలకు వేయొద్దు. వాటికి ఎర్రగానో నీలంగానో రంగు కనిపిస్తుంది, అది పురుగుమందో తెగులుమందో అయ్యుంటుంది, పిట్టలకు ప్రాణాంతకం.

కుచ్చు దొరకని నెలల్లో కొర్రలు, సజ్జలు, నూకలు గుప్పెడే, పొద్దున్నే. పచ్చి బియ్యం తింటే పిట్టల పొట్టలో ఉబ్బి చస్తాయని వాట్సాప్‌లో తిరిగేది నిజం కాదు, వరి పొలాల మధ్య పుట్టి పెరిగిన పిచ్చుకలు అవి. వండిన అన్నం పెడితే కాకులు, గోరింకలు వస్తాయి, అవి కావాలంటే పెట్టుకోండి, కాకపోతే మే నెలలో మధ్యాహ్నానికే పాచిపోతుంది కాబట్టి మిగిలింది తీసేయాలి. కారప్పూస, చిప్స్, బిస్కెట్, ఉప్పు తగిలినవేవీ వద్దు. పాలు పక్షులకు అరగవు. వేరుశనగ గుళ్లు మంచి తిండే కానీ చెమ్మ తగిలి బూజు పట్టినవి విషంతో సమానం, వానాకాలంలో వాటిని మానేయడమే నయం. సాయంత్రం మిగిలిన గింజలు రాత్రికి అలాగే ఉంచితే ఎలుకలు వస్తాయి, పెరడున్న ఇళ్లలో ఎలుకల వెనక ఎవరొస్తారో మీకే తెలుసు.

చిలుకల సంగతి వేరు. రామచిలుకలు రావాలంటే పొద్దుతిరుగుడు గింజలు, మొక్కజొన్న పొత్తు, జామకాయ. గుంటూరు వాళ్లయితే పచ్చిమిరపకాయలు కూడా పెట్టి చూడొచ్చు. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్‌ను మన నోటిలో పసిగట్టే గ్రాహకం పక్షుల్లో ఇంకోలా ఉంటుంది, అందుకని వాటికి ఎంత ఘాటు మిరపైనా కారం తెలియదు, గింజల్ని తిని దూరంగా రెట్టతో పడేసి మిరప మొక్కకు మేలు కూడా చేస్తాయి. ఉడతకు మాత్రం మంట తెలుస్తుంది. అందుకే విదేశాల్లో ఉడతలు దగ్గరికి రాకుండా పిట్టల గింజల్లో కారం కలుపుతారు. మన దగ్గర ఆ పని ఎందుకు చెప్పండి, గాలికి లేచి మన కళ్లలోనే పడుతుంది, పైగా ఉడత ఏం పాపం చేసింది. ఇంకో మాట, చిలుకలు అలవాటయ్యాయి కదా అని ఒకదాన్ని పట్టి పంజరంలో పెట్టుకోవాలనిపిస్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, కొన్నా అమ్మినా నేరమే. 2018 నుంచి రామచిలుక మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా.

నీళ్లు: ఎక్కువ పిట్టలు వచ్చేది దీనికే

గింజలకు గింజలు తినేవే వస్తాయి. నీళ్లకు అందరూ వస్తారు. పురుగులు తినే దర్జీ పిట్ట, పండ్లు తినే బుల్‌బుల్, గువ్వ, గోరింక, పిచ్చుక, అప్పుడప్పుడు కోయిల, అదృష్టం బాగుంటే ఒక డేగ. పక్షులకు చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే చల్లబడటానికి ముఖ్యమైన దారి, ఆ రొప్పుడులో ఒంట్లో నీరు పోతుంది, రోహిణీ కార్తెలో మన దగ్గర 44, 45 డిగ్రీలు కాసే రోజుల్లో గింజలకన్నా గుక్కెడు నీళ్లే వాటి ప్రాణం నిలబెడతాయి. తాగడానికే కాదు, రెక్కలు కడుక్కోవడానికీ కావాలి, దుమ్ము పట్టిన ఈకలతో సరిగ్గా ఎగరలేవు.

ఎందులో పెట్టాలి అంటే మట్టి మూకుడు. స్టీలు గిన్నె ఎండలో కాలిపోతుంది, నునుపుగా ఉండి కాలు జారుతుంది. ప్లాస్టిక్ తేలిక, గాలికి ఎగిరిపోతుంది, కాకి ఒక ముక్కుతో బోర్లించేస్తుంది. సిమెంటు తొట్టి బరువుగా, నిలకడగా ఉంటుంది, పెరడున్న ఇంటికి మంచిదే కానీ వాటిలో చాలావరకు లోతు ఎక్కువ. లోతే అసలు సంగతి. అంచు దగ్గర ఒక ఇంచు, మధ్యలో రెండు ఇంచులు, అంతకు మించితే చిన్న పిట్టలు దిగవు, దిగినా ప్రమాదమే. మీ దగ్గరున్న తొట్టి లోతైతే మధ్యలో ఒక గరుకు రాయి వేయండి. మట్టి మూకుడులో నీరు ఊరి ఆవిరవుతూ చల్లగా ఉంటుంది, దాని లోపం ఏమిటంటే పాచి తొందరగా పడుతుంది.

సీసా తిరగేసి కట్టే ప్లాస్టిక్ వాటర్ ఫీడర్లు పంజరాల పక్షుల కోసం చేసినవి, బయటి పిట్టలు వాటిని అంతగా పట్టించుకోవు. దానికన్నా పాత నీళ్ల సీసా మూతకు సూదితో చిల్లు పెట్టి మూకుడు పైన వేలాడదీసి చుక్క చుక్కగా పడేలా చేయండి. నీటి చుక్క కదలిక, చప్పుడు పిట్టల్ని దూరం నుంచి పిలుస్తాయి, ఏసీ గొట్టం చివర బుల్‌బుల్ వేలాడుతూ చుక్కలు తాగడం మీరూ చూసే ఉంటారు.

దోమల భయంతో నీళ్లు పెట్టనివాళ్లు ఉన్నారు, ఆ భయం న్యాయమైనదే. దోమ గుడ్డు నుంచి ఎగిరే దశకు రావడానికి మన వేడిలో వారం పది రోజులు పడుతుంది కాబట్టి రోజూ నీళ్లు మారిస్తే చాలు. కానీ డెంగీ దోమ గుడ్లను నీటి అంచున గిన్నె గోడకు అంటిస్తుంది, అవి ఎండినా నెలలపాటు చావవు, కాబట్టి నీళ్లు వంచి మళ్లీ పోయడం సరిపోదు, కొబ్బరి పీచుతో అంచుల వెంట గట్టిగా రుద్దాలి. సబ్బు వద్దు. ఊరెళ్తున్నారంటే మూకుడు బోర్లించి వెళ్లండి లేదా పక్కింటి పిన్నిగారికి అప్పజెప్పి వెళ్లండి, నిండుగా పోసి తాళం వేసి పోవద్దు.

చోటు విషయానికొస్తే నీడ ఉండాలి, పిల్లి నక్కడానికి పొద చాటు ఉండకూడదు. నేల మీద పెడితే చుట్టూ ఐదారు అడుగులు ఖాళీగా వదలండి, లేదంటే నడుం ఎత్తుకు పైన స్టాండు మీద పెట్టండి. కిటికీ అద్దాలు పెద్దవైతే మూకుడైనా గింజలైనా అద్దానికి మరీ దగ్గరగా, మూడు అడుగుల లోపే పెట్టండి, లేకపోతే బాగా దూరంగా పెట్టండి. మధ్య దూరంలో పెట్టినప్పుడే పిట్ట బెదిరి వేగం పుంజుకుని అద్దానికి గుద్దుకుంటుంది. మొగల్రాజపురం, గుణదల కొండల పక్కన ఉండేవాళ్లకు కోతుల బెడద ఉంటుంది, అక్కడ గింజలూ పండ్లూ మానేసి నీళ్లతో సరిపెట్టుకోవడం తెలివైన పని.

మొక్కలు: నిదానం, కానీ నిలిచేది

తేనెపిట్టల కోసం పంచదార నీళ్ల ఫీడర్ కొనాలా అని అడుగుతుంటారు. వద్దు. అవి అమెరికాలో హమ్మింగ్ బర్డ్‌ల కోసం పుట్టినవి, మన వేడికి పంచదార నీళ్లు ఒక్క రోజులోనే పులుస్తాయి, ఎక్కువగా వచ్చేది చీమలు, తేనెటీగలే. ఆ డబ్బుతో నర్సరీకి వెళ్లి హమేలియా మొక్క ఒకటి తెచ్చుకోండి, నారింజ రంగు గొట్టం పూలు ఏడాదిలో చాలా నెలలు పూస్తూనే ఉంటాయి, పెద్ద కుండీలో కూడా బతుకుతుంది. నూరువరహాలు, మందారం కూడా మంచివే. మందారంలో ముద్ద మందారం కాకుండా ఒంటి రెక్కది తీసుకోండి, ముద్ద పువ్వులో రెక్కల గుంపు దాటి తేనె అందుకోవడం పిట్టకు కష్టం. స్థలం ఉంటే ఒక మునగ, ఒక అరటి, ఆ పూల దగ్గర పొద్దున్నే తేనెపిట్టల సందడి చూడాల్సిందే. ఊదా తేనెపిట్టలో మగది జత కట్టే కాలంలో నల్లగా, ఎండ పడితే ఊదా మెరుపుతో ఉంటుంది, తర్వాత ఆ రంగు పోయి గొంతు మీద ఒక నల్ల గీత మాత్రం మిగులుతుంది, అదేదో వేరే పిట్ట అనుకోకండి.

బుల్‌బుల్, కోయిలల కోసం కరివేపాకు చెట్టును మించింది లేదు. పోపుకు రోజూ కోస్తుంటే అది కాయదు, కాబట్టి రెండు కొమ్మలైనా పూతకు వదిలేయండి, పండి నల్లబడ్డ పండ్ల కోసం వాటంతట అవే వస్తాయి. సింగపూర్ చెర్రీ నాటితే రెండేళ్లు తిరక్కముందే నీడా పండ్లూ రెండూ ఇస్తుంది, చిలుకలు, బుల్‌బుల్‌లు పగలు, గబ్బిలాలు రాత్రి. కారు దాని కింద పార్క్ చేసేవాళ్లు మాత్రం ముందే ఆలోచించుకోండి. జామ నాటితే కాయల్లో సగం చిలుకలవే అని మనసులో రాసేసుకోవాలి, వల కప్పి పిట్టల్ని రమ్మనడం కుదరదు.

కొత్తగా ఇల్లు కట్టిన పోరంకి, కానూరు, గోరంట్ల వైపు వాళ్లకు నా సలహా, లాన్ వేసి దాన్ని తడుపుతూ కూర్చునే బదులు ఒక మూల పొదలా పెరగనివ్వండి. దర్జీ పిట్ట వెడల్పాటి ఆకుల్ని కుట్టి గూడు కట్టేది అలాంటి చోటే. ఇక మొక్కలకు పురుగుమందు కొడుతూ పిట్టలు రావాలంటే రావు. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది కానీ గూట్లో పిల్లలకు తొలిరోజుల్లో పెట్టేది మెత్తని పురుగులే, తేనెపిట్ట కూడా పిల్లలకు సాలీళ్లనూ చిన్న పురుగులనూ తెస్తుంది. వంగ మొక్క మీద నాలుగు గొంగళి పురుగులు కనిపించగానే స్ప్రే తీయకుండా ఉండగలిగితే సగం పని అయిపోయినట్టే.

గూళ్లు కొనేవాళ్లకు

పిచ్చుక గూడుకు రంధ్రం ఇంచుంపావు, అంటే 32 మిల్లీమీటర్లు. అందానికని రెండు ఇంచుల రంధ్రం పెట్టి అమ్ముతున్నారు, అందులో గోరింక దూరుతుంది. చెక్కది అయితే మందంగా, రంగూ వార్నిషూ లోపల తగలకుండా ఉన్నది, లేదంటే పక్కకు చిల్లు పెట్టిన మట్టి కుండ. రేకువీ ప్లాస్టిక్‌వీ మన ఎండల్లో పొయ్యి మీద పెనాలే. పోర్టికో స్లాబ్ కింద, ఎండ పడని గోడకు, ఎనిమిది పది అడుగుల ఎత్తున కట్టండి. తిరిగే ఫ్యాన్ దగ్గర్లో ఉందంటే అక్కడ అసలు వద్దు. పిచ్చుకలు నాలుగైదు ఇళ్ల అవతలైనా కనిపించే వీధి అయితేనే దీని మీద ఖర్చు పెట్టండి, పిచ్చుకలే లేని చోట గూడు కడితే బల్లులకు ఇల్లు దొరికినట్టే.

చూడ్డానికి ఏం కావాలి

ఇంట్లోంచి చూసేవాళ్లకు బైనాక్యులర్ తప్పనిసరి కాదు, కొంటే 8×42 లేదా 8×32 కొనండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందన్నది, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10×42 ఎక్కువ కదా అని షాపులో అంటగడతారు. పది రెట్లలో చేతి వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది, కనిపించే మేర తగ్గుతుంది, ఆకుల మధ్య గెంతే దర్జీ పిట్టను వెతికేలోపు అది ఎగిరిపోతుంది. పెట్టె మీద ఎవరూ చదవని అంకె ఇంకొకటి ఉంటుంది, ఎంత దగ్గరి వస్తువును స్పష్టంగా చూపిస్తుంది అన్నది. బాల్కనీకి అది రెండు మీటర్ల దగ్గర ఉండాలి. గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టేది చూడ్డానికి తరచుగా వెళ్తానంటే అప్పుడు 10×42 గురించి ఆలోచించండి.

పేర్లు తెలియనివాళ్లకు మెర్లిన్ యాప్ ఉచితం, ఫోటో చూపించినా కూత వినిపించినా ఏ పిట్టో చెబుతుంది. కూత విని చెప్పినదాన్ని కళ్లతో చూసేదాకా నమ్మకండి. చూసినవి రాసుకోవడానికి ఈబర్డ్ ఉంది. రెండూ అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లవే. నోట్‌బుక్‌లో రాసుకునేవాళ్లు నోట్‌బుక్‌లోనే రాసుకోండి, కాకపోతే తేదీ, టైము, ఎన్ని కనిపించాయో వేయండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది, మన దేశంలో 2013 నుంచి చేస్తున్నారు, కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట కూర్చుని కనిపించినవన్నీ లెక్కపెట్టి ఈబర్డ్‌లో ఎక్కించడమే. కాకిని, పావురాన్ని కూడా వదలకుండా రాయాలి, చాలామంది అవే వదిలేస్తారు.